ఇతరములు

కాశీబుగ్గ మూడురోడ్ల కాడ
జీడి వర్తకుల సంఘానికి ఒక వెబ్‌సైటుంది.
బస్తా పిక్కల ధర రోజూ అందులో పెట్టేది నేనే.
నెలకి నాలుగువేలు. టీ ఖర్చు వాళ్లదే.

మొన్న ప్రెసిడెంటు ఢిల్లేశ్వర్రావుగారు
కళ్లజోడు నుదుటికెక్కించి అన్నారు:
"ఒరే లోకనాథం, జనం మన సైటుని దేంట్లో చూస్తన్నారో లెక్కట్టు.
ఎక్కువమంది దేంట్లో చూస్తే అందులో బాగుంటే సాలు.
మిగతావోటికి డబ్బులు తగలెట్టలేం."

లెక్కే కదా అనుకున్నాను.
సర్వరు రాసుకునే చిట్టా విప్పాను.
వచ్చిన ప్రతివాడికీ ఒక వరస:
ఏ గంటకొచ్చాడు, ఏ బ్రౌజరెక్కి వచ్చాడు.

మొదటి వరసకే తల తిరిగింది.
క్రోమ్ గుమ్మంలోకొచ్చి ముందు మొజిల్లానంది,
ఆనక సఫారీకి చుట్టాన్నంది,
ఆ సందులో తన పేరు గొణిగింది.
ఎడ్జ్ ఆ పేర్లన్నీ ఏకరువు పెట్టి
చిట్టచివర తన పేరు తగిలించింది.
ఒకప్పుడు పేరడిగి తలుపేసేవారట,
అప్పట్నుంచీ అందరూ ఇంటిపేరు అరువు తెచ్చుకుని తిరుగుతున్నారు.

మా అమ్మ ముప్పయ్యేళ్లు
గ్రేడింగు బల్ల ముందు కూచుంది.
గుండు, బద్ద, ముక్క, నూక,
చూపు అక్కర్లేదు, వేలికొసకి తెలిసిపోయేది.
పప్పు అబద్ధమాడదు.
నా బల్ల మీదున్నవి పప్పులు కావు.

హరిపురం ఏజెంటు పేడాడ వల్లభరావు
ధర కదిలిందేమోనని రోజుకి అరవైసార్లు తెరుస్తాడు.
అరవైమందా? ఒక్కడా?
ఒక్కడి ఆత్రాన్ని ఎంతమంది కింద రాయను?
మందస కొండవార సవరపేటలో
ఒక్క ఫోను మీదికి పది తలలు వంగుతాయి.
చిట్టాకి అది ఒక్కటే రాక.
ఫైర్‌ఫాక్స్ ఇంత పెరిగిందేమిటా అని ఆశ్చర్యపోయి
తీరా చూస్తే, అందులో సగం నేనే.

మొత్తానికి తేలింది:
క్రోమ్ ఎనభై మూడు.
సఫారీ ఆరు.
నన్ను తీసేసినా తీసెయ్యకపోయినా, ఫైర్‌ఫాక్స్ అయిదు.
ఎడ్జ్ నాలుగు, అదీ బ్యాంకు తెరిచి ఉన్న గంటల్లోనే.
నూటికి రెండు మిగిలాయి.
వాటికి పేరు లేదు. ఇతరములు అని రాశాను.

రాశాక చెయ్యి ఆగింది.
ఆ రెండూ దాదాపు ఒక్క వేళకే వస్తున్నాయి.
తెల్లారగట్ల నాలుగూ పన్నెండు, నాలుగూ పది,
మళ్లీ నాలుగూ పన్నెండు.
ఏదో మీటల ఫోను, దానితోపాటే పుట్టిన బ్రౌజరు.

కిందటి నెల ఒకావిడ ఫోన్ చేసింది.
"బాబూ, మీ దాంట్లో అంకె సగవే అవుపిస్తంది.
పదమూడేనేటి? పదమూడు వేలేటి?
ఆ మీద పూలదండ ఊగుతుంటే
నా ఫోను కదలక సచ్చిపోతంది."
ఎవరమ్మా అంటే
బమ్మిడి తవిటమ్మనంది. పదకొండు జీడిచెట్లంది.
అయిదింటికల్లా వల్లభరావు కాటా పట్టుకుని
కళ్లంలో దిగిపోతాడంది.

అరవైసార్లు చూసినవాడు ఎనభై మూడులో ఉన్నాడు.
ఒక్కసారి చూసుకునేది ఇతరములలో ఉంది.
కాటా ఇద్దరి మధ్యా వేలాడుతోంది.

"ఎవుడ్రా ఫస్టు?" అన్నారు ప్రెసిడెంటుగారు.
క్రోమ్ అన్నాను.
"మరింకేటి, ఆ రెండూ వొగ్గీ."
తలూపాను.

ఆ రాత్రి ఊగే పూలదండ తీసేశాను.
దండ కింద చేతులు జోడించిన ఆయన ఫొటో తీసేశాను.
అన్నిటికన్నా పైన
ఉత్త అంకెలు, పెద్దవి,
నూకల్లో నూక ఫోనుకి కూడా అందేలా.

ఫొటో ఏదిరా అని ఆయనింకా అడగలేదు.
చిట్టా మొత్తం వెతికాను,
ఆయన రాక ఎక్కడా లేదు.

ఈవేళ నాలుగూ పన్నెండుకి ఒక వరస పడింది.
నాలుగూ పదమూడుకి ఇంకొకటి.
నమ్మకం చాలక మళ్లీ చూసుకుందో,
పక్కింటావిణ్ణి లేపి చూపించిందో,
చిట్టా అది రాయదు.